అడుగు చూడని బేరం

ఇంగ్లండ్ కాలువల మీద తిరిగే నారోబోట్ వెడల్పు దాదాపు ఆరడుగుల పది అంగుళాలు. ఈ కొలత ఇప్పటిది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు మధ్య ఇంగ్లండ్‌లో కాలువలు తవ్వించినప్పుడు నీళ్లూ ఖర్చూ కలిసొస్తాయని లాకుల్ని ఏడడుగుల వెడల్పుకు కుదించాడు. ఆ లాకులు నేటికీ పనిచేస్తున్నాయి కాబట్టి పడవలూ ఆ వెడల్పులోనే పుడుతున్నాయి. పొడవు మాత్రం డెబ్బై అడుగుల దాకా పోతుంది. రైలు బోగీని ఇంకాస్త సన్నగా చెక్కి నీళ్లలో వదిలినట్టుంటుంది. అందులోనే వంటగది, మంచం, స్నానాల గది, కట్టెల పొయ్యి.

బొగ్గు మోయడానికి పుట్టిన ఈ పడవల్లో ఇప్పుడు జనం కాపురాలు చేస్తున్నారు. 1962-63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టుకుపోవడంతో అప్పటికే కునారిల్లుతున్న సరుకు రవాణా దాదాపుగా ముగిసిపోయింది. ఆ తర్వాత కాలువల్ని బతికించింది విహారానికీ నివాసానికీ వచ్చినవాళ్లే. ఇంగ్లండ్, వేల్స్‌లలో రెండు వేల మైళ్ల జలమార్గాల్ని 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధార్మిక సంస్థ చూసుకుంటోంది. దాని లైసెన్సుతో తిరిగే పడవలు ముప్పై వేలకు పైమాటే. వాటిలో ఒకదాన్ని కొనాలని బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న ఒక నడిగడ్డ మనిషికి బుద్ధి పుట్టింది.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న గద్వాల సీమను నడిగడ్డ అంటారు. అతని ఊరు బీచుపల్లికి కూతవేటు దూరం. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి కృష్ణను దాటేది అక్కడే. బస్సు వంతెన ఎక్కగానే ప్రయాణికులు ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంటారు. 2016 ఆగస్టులో పుష్కరాలకు లక్షల మంది మునిగిన ఘాట్లూ అక్కడివే. అలాంటి చోట పుట్టినవాడికి నీళ్లంటే భయం ఉండదు. పడవంటే తెలుసన్న ధీమా మాత్రం ఉంటుంది, చిక్కంతా దానితోనే.

అతని లెక్క వినడానికి బాగానే ఉంది. నలభై, యాభై వేల పౌండ్లకు వాడిన నారోబోట్ దొరుకుతుంది. ఆ డబ్బుకు బర్మింగ్‌హామ్‌లో చెప్పుకోదగ్గ ఫ్లాటు రాదు. నెలనెలా కట్టే అద్దె మిగులుతుంది. వారాంతాల్లో పిల్లల్ని తీసుకుని గంటకు నాలుగు మైళ్ల వేగంతో, అంతకు మించితే రూలు ఒప్పుకోదు, ఊళ్లు చూసి రావచ్చు. నడపడానికి డ్రైవింగ్ లైసెన్సు కూడా అక్కర్లేదు. భార్య మాత్రం ఒకటే అడిగింది: బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలి?

పడవలు కట్టి ఉంచే ఒక మెరీనాలో యాభై అడుగుల పడవ నచ్చింది. లోపల కొత్తగా వేసిన చెక్క పలకలు, గులాబీలూ కోటలూ చిత్రించిన అల్మరా తలుపులు, నిగనిగలాడే ఇత్తడి కిటికీలు. పొయ్యి రాజేసి, మంచి కాఫీ వాసన వచ్చేలా ఏర్పాటు చేసి మరీ చూపించారు. ఇంకో ఇద్దరు చూసి వెళ్లారనీ రేపటికి ఉంటుందో ఉండదోననీ బ్రోకరు చెవిన వేశాడు. ఇక్కడొక మాట చెప్పుకోవాలి. బ్రోకరు కమిషను పుచ్చుకునేది అమ్మేవాడి దగ్గర. ఎంత మర్యాదస్తుడైనా అతను కొనేవాడి మనిషి కాదు. హైదరాబాదులో ప్లాట్లు కొన్నవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు, కానీ తెల్లవాడు నవ్వుతూ చెప్పేసరికి మనవాళ్లు మెత్తబడిపోతారు.

ఆ రాత్రి వీడియో కాల్లో చిన్నాయనకు పడవ చూపించాడు. చిన్నాయన కృష్ణలో పుట్టి వేసి చేపలు పట్టిన మనిషి. వెదురు బద్దలతో గుండ్రటి బుట్టలా అల్లి, కిందివైపు పూర్వం తోలూ ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలూ కప్పి, డాంబరు పూసే పడవ అది. గద్వాల దగ్గర కృష్ణ మధ్యలో ఉన్న గుర్రంగడ్డ లాంటి ఊళ్లకు ఏరు నిండితే ఇలాంటి పడవలే దిక్కయ్యేవి. చిన్నాయన ఇత్తడి కిటికీలన్నీ ఓపిగ్గా చూశాడు. పొయ్యి చూసి ముచ్చటపడ్డాడు.

"లోపలంత బాగున్నది గానీ, అడుగు సూస్తివా నాయనా?"

"అడుగు నీళ్లల్ల ఉంటది కద చిన్నాయనా."

"నీళ్లల్లనుంచి ఎత్తమను మరి. బోర్లించి సూడకుండ పుట్టి ఎవడు కొంటడు?"

పదిహేను టన్నుల ఉక్కును బోర్లించలేరు గానీ చిన్నాయన అడిగినది ఇంగ్లండ్‌లో పడవలు తెలిసినవాళ్లు మొదట అడిగేదే. నారోబోట్ అడుగుకు సాధారణంగా పది మిల్లీమీటర్ల ఉక్కు రేకు వేస్తారు, పక్కలకు ఆరు, పైన గదికి నాలుగు. అమ్మకం ప్రకటనల్లో 10/6/4 అని కనిపించే అంకెలు ఇవే. కొత్తప్పటి కొలతలవి. ఇరవై ఏళ్లు నీళ్లలో నానిన తర్వాత ఎంత మిగిలిందో ప్రకటన చెప్పదు. తుప్పు అంతటా సమానంగా తినదు. నీటి మట్టం తాకే గీత వెంబడి, అడుగు రేకు అంచుల్లో, చిన్న చిన్న గుంటలుగా తింటూ పోతుంది. మెరీనాలో గట్టు మీది కరెంటుకు తీగ తగిలించి ఉంచే పడవలకు ఇంకో తిప్పలుంది. ఎర్త్ తీగ ద్వారా చుట్టుపక్కల పడవలన్నీ ఒకదానికొకటి కలిసిపోయి బ్యాటరీ మాదిరిగా పనిచేస్తాయి, ఎవరి ఉక్కో కరిగిపోతుంది. గాల్వానిక్ ఐసొలేటర్ అనే చిన్న పెట్టె దీన్ని అడ్డుకుంటుంది. అది పడవలో ఉందో లేదో అడగాలని కొత్తవాళ్లకు తోచదు.

అందుకే ప్రతి రెండు మూడేళ్లకూ పడవను బయటికి తీసి అడుగున డాంబరు పూస్తారు. పుట్టికి మన జాలర్లు చేసేదే. ఉక్కుకు బదులు అవి కరిగేలా మెగ్నీషియం దిమ్మెల్ని పక్కలకు వెల్డింగ్ చేస్తారు. ఆ దిమ్మెలు అరిగి బొటనవేలంత అయిపోయాయంటే ఆ యజమాని ఎన్నాళ్లుగా పడవను పట్టించుకోలేదో వేరే చెప్పక్కర్లేదు.

మనవాడు పడవల్ని పరీక్షించే సర్వేయర్‌ను పెట్టుకున్నాడు. పడవను డ్రై డాక్‌లోకి తోసి, నీళ్లు తోడేసి, అడుగంతా కడిగారు. డ్రై డాక్ ఖర్చూ సర్వేయర్ ఫీజూ కొనేవాడివే, వందల పౌండ్లు. బేరం కుదరకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. సర్వేయర్ మొదట సుత్తితో తట్టుకుంటూ వెళ్లాడు, తర్వాత అక్కడక్కడా డాంబరు గీకి అల్ట్రాసోనిక్ మీటరు ఆనించి మందం చదివాడు. చక్రాలున్న బల్ల మీద వెల్లకిలా పడుకుని పడవ కిందికి దూరి, సుద్దముక్కతో ఉక్కు మీదే అంకెలు వేశాడు. పక్క రేకుల మీద ముందువైపు ఐదున్నర, ఐదు. వెనక్కి వచ్చేకొద్దీ అంకెలు దిగాయి. నీటి గీత దగ్గర ఒక బారెడు మేర నాలుగుకు లోపలే. పాత పడవలకు బీమా ఇచ్చేవాళ్లు చాలామంది చూసే హద్దు ఆ నాలుగు మిల్లీమీటర్లే. పైన కొత్త రేకు అతికించవచ్చు, చాలామంది అదే చేస్తారు. అయితే రేకు బరువుకు పడవ కాస్త కిందికి దిగుతుంది, సింకు నీళ్లు బయటికి పోయే కన్నాలు నీటికి దగ్గరవుతాయి, ఖర్చు వేలల్లోకి పోతుంది.

సర్వేయర్ ఇంకో పని కూడా చేశాడు. గది చివర మెట్టు కింద చాప లేపి చిన్న మూత తీసి, లోపల చెయ్యి పెట్టాడు. తడి. నీటి పంపు దగ్గరో షవర్ కిందో కారుతున్న నీళ్లు అక్కడికి చేరి, లోపలి నుంచీ తుప్పు మొదలుపెట్టాయి. ఇత్తడి కిటికీలకు నాలుగడుగుల దూరం.

బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది కదా అని మన మిత్రుడు వాదించాడు. ఉంది, నాలుగేళ్లకు ఇస్తారు. గ్యాసు గొట్టాలు, డీజిల్ ట్యాంకు, కరెంటు తీగలు, పొయ్యి, 2019 ఏప్రిల్ నుంచి గదులున్న పడవల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కూడా చూస్తారు. అగ్ని ప్రమాదం, పేలుడు, కాలుష్యం లేకుండా చూడటం దాని పని. పడవ అడుగు మందం ఎంతో అది చూడదు. సర్టిఫికెట్ గోడకు వేలాడుతుండగానే పడవ మునిగిపోవచ్చు.

వాడినదాన్ని కొని తిప్పలు పడేవాళ్లలో ప్రభుత్వాలు కూడా ఉంటాయి. బీచుపల్లికి దక్షిణాన తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా పోయే కేసీ కాలువను 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ సాగు నీటితోపాటు పడవల కోసం కూడా తవ్వింది. ఆర్థర్ కాటన్ దొర కాలువల మీద పెట్టుకున్న ఆశల్లో అదొకటి. కంపెనీ లెక్కలు తలకిందులై చివరికి 1882లో సర్కారే దాన్ని కొనుక్కోవాల్సి వచ్చింది. వాడిన కాలువను కొన్న ఆ సర్కారుతో పోలిస్తే వాడిన పడవను కొనబోయిన మనవాడి కష్టం చిన్నదే.

మొదటి బేరం వదులుకుని ఆర్నెల్ల తర్వాత ఇంకోటి కొన్నాడు. పొడవు యాభై ఏడడుగులు. ఉత్తరాన కొన్ని లాకులు పొట్టివి కాబట్టి అంతకు మించితే కొన్ని కాలువలు చూడలేం. ఈసారి కాగితాల పని. కారుకైతే ఆర్‌సీ ఉంటుంది. కాలువ పడవకు యజమాని ఫలానా అని చెప్పే రిజిస్టరేదీ తప్పనిసరి కాదు. ట్రస్టు లైసెన్సు కాలువలో తిరగడానికి అనుమతి, అంతే, యాజమాన్యానికి రుజువు కాదు. కొత్త యజమాని పేరు మీదికి మారదు కూడా, మళ్లీ కట్టాలి. కాబట్టి పాత అమ్మకం రసీదులన్నీ వరసగా ఉన్నాయా, అప్పు బాకీ ఉందా, 1998 జూన్ తర్వాత కట్టినదైతే యూరోపియన్ ప్రమాణాల పత్రం, పడవ మీద చెక్కిన నంబరు సరిపోతున్నాయా, అన్నీ చూసుకున్నాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే వచ్చి స్టార్ట్ చేయించాడు. ముందే వేడెక్కించి ఉంచిన ఇంజను ఏ జబ్బునూ బయట పెట్టదు.

అంతా అయ్యాక అసలు ప్రశ్న వచ్చింది, పడవను ఎక్కడ కట్టాలి? కొన్నది పడవను. అది కట్టి ఉన్న చోటు దానితో రాదు. మెరీనాలో చోటుకు ఏడాదికి వేల పౌండ్లు, అందులో నివాసం ఉండనిచ్చే చోట్లు మరీ తక్కువ. చోటు లేకపోతే దేశదిమ్మరి పద్ధతి ఉంది. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం ఒకే చోట పద్నాలుగు రోజులకు మించి ఉండకుండా నిజంగా ప్రయాణం చేస్తూనే ఉండాలి. అటు నాలుగు గజాలు, ఇటు నాలుగు గజాలు జరిగితే ఒప్పుకోరు. 2024 ఏప్రిల్ నుంచి ఇలాంటి పడవలకు లైసెన్సు మీద అదనపు రుసుము కూడా మొదలైంది. ఆఫీసు బర్మింగ్‌హామ్‌లో, పిల్లల బడి ఒకే చోట ఉన్న కుటుంబానికి రెండు వారాలకోసారి ఇల్లు జరపడమంటే మాటలు కాదు. అతను చివరికి మెరీనానే పట్టుకున్నాడు. మిగులుతుందనుకున్న అద్దె మిగలకపోగా దీని ఖర్చు అదనం. భార్యాపిల్లలు ఇంట్లో ఉంటున్నారు, పడవ శుక్రవారాలది.

అయినా అతను సంతోషంగానే ఉన్నాడు. లాకులో పడవ దించేటప్పుడు వెనక భాగం లోపలి రాతి గట్టు మీద చిక్కకుండా గోడ మీది తెల్ల గీతకు ముందే నిలపడం పిల్లలకూ వచ్చేసింది. మరుగుదొడ్డి పెట్టెను మోసుకెళ్లి ఖాళీ చేసే పని ఎవరిదన్న తగువు మాత్రం తెగలేదు.

కాలువ మీద ఇల్లు కావాలనిపించే తెలుగువాళ్లకు ఒక మాట. ముందు ఒక వారం పడవ అద్దెకు తీసుకోండి, జూలైలో కాదు, చలికాలంలో కూడా అద్దెకిచ్చే కంపెనీలున్నాయి. కిటికీల మీద చెమ్మ, తెల్లవారుజామున ఆరిపోయిన పొయ్యి, మరమ్మతుల కోసం మూసిన లాకు అప్పుడే కనిపిస్తాయి. తర్వాత కూడా కొనాలనే ఉంటే ముందు పడవ కట్టుకునే చోటు వెతకండి, ఆ తర్వాతే పడవ. బయానా ఇవ్వాల్సి వస్తే, సర్వేలో తేడా వస్తే డబ్బు వాపసు ఇస్తామని రసీదు మీద రాయించుకునే ఇవ్వండి.