కొత్త వడ్లు, పవిత్ర తైలం

దేవుడెవరని అడిగితే, సత్యోపదేశం చదువుకున్న పిల్లవాడు తడుముకోకుండా జవాబు చెప్తాడు. ఎక్కడ ఉన్నాడని అడిగితే 'అంతటా ఉన్నాడు' అంటాడు. 'అయితే నిన్న నీకు ఎక్కడ కనిపించాడు?' అని అడిగితే మాత్రం బిక్కముఖం వేస్తాడు. మంగళూరు ప్రాంతపు కతోలిక బాలబాలికలకు నేను చాలా ఏండ్లుగా ఆదివారపు పాఠాలు చెప్తున్నాను. రెండవ ప్రశ్న నుండి మూడవ ప్రశ్నకు పిల్లలను నడిపించటమే ఉపదేశకుని అసలు పని అని నా నమ్మకం.

భద్రమైన అభ్యంగనమనే సంస్కారానికి పిల్లలను సిద్ధపరచే రోజులలో ఈ పని మరింత అవసరమవుతుంది. పసితనంలో జ్ఞానస్నానం పొందేటప్పుడు శిశువు తరఫున పెద్దలు దేవునికి మాట ఇస్తారు. అభ్యంగనం నాడు ఆ మాటను పిల్లలు తమ నోటితో తామే చెప్తారు. మేత్రాణులు, అనగా పీఠాధిపతులు, వారి నుదుట పరిమళతైలంతో సిలువ గుర్తు వేసి, పవిత్రాత్మ వరాన్ని స్వీకరించమంటారు. వెనుక నిలిచిన జ్ఞానపిత బిడ్డ భుజంమీద కుడిచేయి వేస్తాడు. 1971లో ఆరవ పౌలు పోపు ఈ విధిని సవరించేదాకా మేత్రాణులు పిల్లల చెంపను మెల్లగా తట్టటం కూడా ఉండేది. విశ్వాసంకోసం కష్టాలకు ఓర్చుకోవాలని దాని భావం.

ఇంత గంభీరమైన సంస్కారం ముగిసిన మరుసటి ఆదివారం మా పాఠశాల బల్లలు సగం ఖాళీగా ఉంటాయి. పట్టా పుచ్చుకున్న విద్యార్థి మళ్ళీ బడివంక చూడడు గదా! తాము నేర్చినదంతా గుడి గోడల లోపలిదేనని పిల్లలు అనుకున్నంతకాలం ఇట్లాగే జరుగుతుంది. నేర్చినది ఇంటిదికూడా అని తెలిస్తే, వదిలిపెట్టి ఎక్కడికి పోతారు?

అందువల్ల నేను పాఠాన్ని ఇంటినుండే మొదలుపెడతాను. అభ్యంగన తైలం ఆలివ్ నూనెలో సుగంధద్రవ్యం కలిపి చేసినది. పవిత్రవారంలో మేత్రాణులు దానిని ప్రతిష్ఠిస్తారు. మా పిల్లలు ఆలివ్ చెట్టును చూసి ఎరుగరు. కొబ్బరినూనె మాత్రం వారికి పుట్టినప్పటినుండి తెలుసు. అవ్వ పసిబిడ్డకు ఒళ్ళంతా పట్టించి నలుగు పెట్టేది ఆ నూనెతోనే. మా కొంకణి కతోలికులలో పెండ్లికి ముందు రోస్ అనే వేడుక ఉన్నది. పెండ్లికూతురికీ పెండ్లికొడుకుకూ ఎవరి ఇంట వారికి కొబ్బరిపాలు, నూనె రాసి బంధువులు దీవిస్తారు. మరునాటినుండి వారి బ్రతుకు వేరు. ఆ సంగతి చెప్పేది ఆ నూనె. 'మీ అక్క నుదుట నూనె ఎందుకు పెట్టారు?' అని అడిగితే పిల్లలందరూ చేతులు ఎత్తుతారు. అక్కడనుండి మేత్రాణుల చేతిలోని తైలందాకా దారి ఎంతో దూరం కాదు.

సెప్టెంబరు 8వ తేదీన మరియమాత జన్మదినం. దానిని మేము మోంతి పండుగ అంటాము. ముందు తొమ్మిది రోజులు పిల్లలు పూలు తెచ్చి తల్లి ప్రతిమకు అర్పిస్తారు. పండుగనాడు కొత్త వరివెన్నులను గుడిలో ఆశీర్వదించి ఇంటికి ఇన్ని చొప్పున పంచుతారు. ఆ గింజలను ఒలిచి, నూరి, పాలలోనో పాయసంలోనో కలిపి, ఇంటి పెద్ద అందరికీ ఇస్తాడు. ఆనాడు మాంసం లేదు, చేప లేదు; అరటాకులో శాకాహార భోజనం. పరదేశంలో ఉన్నవారికి ఆ గింజలను కవరులో పెట్టి పంపే ఇండ్లు ఉన్నాయి. దుబాయిలో కూలికి వెళ్ళిన తండ్రికి గింజలు పంపిన ఒక బాలిక, 'మా నాన్న కూడా మాతోపాటే తిన్నాడు' అన్నది. దివ్యసత్ప్రసాదాన్ని గురించి నేను చెప్పదలచుకున్న పాఠంలో సగం ఆమె చెప్పింది.

అయితే ఈ పద్ధతి అందరికీ రుచించదు. పవిత్రాత్మ వరాలు ఏడు: జ్ఞానం, బుద్ధి, విమర్శ, దృఢత్వం, తెలివి, భక్తి, దైవభయం. ఒక సంవత్సరం ఒక కుర్రవాడు వీటిని ఎన్నిసార్లు చెప్పించినా నాలుగింటిని మించి చెప్పలేకపోయాడు. వచ్చే ఏటిదాకా ఆపవలసినదేనని కొందరు పెద్దలు పట్టుపట్టారు. వాడి ఇంట మంచంపట్టిన అవ్వ ఉన్నది. తల్లి తెల్లవారకముందే జీడిపప్పు కార్ఖానాకు పోతుంది. అవ్వకు ముఖం కడిగి గంజి తాగించి బడికి వచ్చేవాడు వాడే. ఈ సంగతి నేను గురువుగారికి విన్నవించాను. ఆయన వాడిని పిలిపించి, వరాల పేర్లు అడగలేదు. 'పవిత్రాత్మ నీకు ఎప్పుడైనా తోడు వచ్చాడా, నాయనా?' అని అడిగారు. వాడు కొంతసేపు తల వంచుకొని నిలబడ్డాడు. తరువాత, 'అవ్వ గంజి నామీద ఉమ్మినప్పుడు నాకు కొట్టాలనిపిస్తుందండీ. చెయ్యి లేస్తుంది. కాని కొట్టను. ఆ ఆపేది నేను కాదండీ' అన్నాడు. గురువుగారు జాబితాలో వాడి పేరు రాసుకున్నారు.

దీనినిబట్టి కంఠస్థం చేయటం వ్యర్థమని నేను అనను. అక్షరం రాని మా ముత్తవ్వలకు జపమాల ప్రార్థనలన్నీ నోటికి వచ్చు. కష్టకాలంలో ఆ మాటలే వారికి ఊతకర్ర అయినాయి. ఆ కుర్రవాడికి సయితం దృఢత్వమనే మాటను నేర్పవలసినదే. తనలో జరిగినదానికి పేరు తెలిస్తే రేపు మళ్ళీ దానిని గుర్తుపట్టగలడు. కాని అనుభవానికి పేరు పెట్టటం వేరు, పేరునే అనుభవమనుకోవటం వేరు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. దేవుణ్ణి చూపించే ఆతురతలో పిల్లల దుఃఖానికి తొందరపడి అర్థం చెప్పరాదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న పిల్లతో 'అంతా దైవచిత్తం' అనటం సులభమే. ఆ మాటతో ఆ పిల్ల నోరు మూతపడుతుంది గాని మనసు కుదుటపడదు. ఆమె పక్కన మౌనంగా కూర్చుండే స్నేహితురాలు అప్పటికి మంచి ఉపదేశకురాలు.

సాయంకాలం జపమాల ముగిసిన తరువాత మా ఇండ్లలో పిల్లలు చేతులు జోడించి పెద్దలను 'బెసాంవ్', అనగా దీవెన, అడుగుతారు. అభ్యంగనం పొందబోయే పిల్లలకు నేనిచ్చే చివరి పాఠం ఇదే: ఆ రాత్రి దీవెన పుచ్చుకున్న తరువాత, ఆనాడు మీరు ఎవరికి దీవెన అయినారో ఒక్క నిమిషం తలుచుకోండి. ఏమీ తోచని రోజులు వస్తాయి, రానీయండి. అడగటం మానకండి.