సప్తర్షుల పేర్లు

ఈ ఎండాకాలం సప్తర్షుల పేర్లు ఒక్కొక్కటే నేర్చుకుంటున్నా. మే నెలలో కరీంనగర్‌లో పొద్దుగూకినంక డాబా ఎక్కి ఉత్తరం దిక్కు చూస్తే చాలు. ముందు క్రతువు, పులహుడు. ఈ ఇద్దరినీ కలిపే గీతను పొడిగిస్తే ధ్రువుడు దొరుకుతాడు. తర్వాత పులస్త్యుడు, మసకగా అత్రి. తోకలో అంగిరసుడు, వసిష్ఠుడు, చివర మరీచి. వసిష్ఠుని పక్కనే సన్నగా అరుంధతి. పెండ్లిలో చూపించే ఆ చుక్కను చీకట్లో కండ్లారా చూడటం ఎంత సంబరమో!

నడుమ ఐదుగురూ ఒకే మబ్బులో పుట్టినవాళ్లట. సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో కలిసే సాగుతున్నారు. క్రతువు, మరీచిలది వేరే దారి.

ప్రాణహిత అవతల విదర్భ గోండులకు ఇవే చుక్కలు ఒక మంచం, దాన్ని ఎత్తుకుపోయే ముగ్గురు దొంగలు. మన ఆదిలాబాద్ గూడేల్లో పెద్దవాళ్లు ఏమంటారో ఎరుకున్నవాళ్లు చెప్పండి, ఆ పేర్లూ నేర్చుకుంటా.