పెన్సిల్లో ఇంటి జీవాలు

పెంపుడు జంతువు చిత్తరువుకు ఒకటే పరీక్ష: దాన్ని పెంచినవాళ్లు చూడగానే పేరు పెట్టి పిలవాలి. గీత ఎంత నున్నగా వచ్చినా, బొచ్చు ఎంత మెత్తగా కనిపించినా, అది పక్కింటి కుక్కలా ఉంటే పని తప్పినట్టే.

ఈ కోరిక కొత్తది కాదు. అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్క జ్ఞాపకంగా కర్ణాటకలోని ఆతకూరులో నిలిపిన రాయి క్రీ.శ. 949–50 నాటిది. ఆ కుక్క, ఆ పంది రెండూ ఆ రాతి మీదే చెక్కి ఉన్నాయి. ఇంగ్లండులో లాండ్సీర్ అనే చిత్రకారుడు 1836లో, తరవాత రాణి అయిన విక్టోరియా పెంచుకున్న డాష్ అనే కుక్కను నూనె రంగుల్లో వేశాడు. రాళ్లూ నూనె రంగులూ దొరల సంగతి. పెన్సిలు ఎవరికైనా అందుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో దాంతో రెండు రకాల బొమ్మలు తయారవుతున్నాయి: అక్కడి ఇంట్లో తిరిగే లాబ్రడారు, ఇక్కడి ఊళ్లో మిగిలిపోయిన గేదె, ఎద్దు, వాకిట్లో పడుకునే ఊరకుక్క. మొదటిదానికి పుస్తకాలు, పాఠాలు కావలసినన్ని ఉన్నాయి. ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే దారిలో ఉన్న కల్లూరు లాంటి ఊరి గేదెను ఎలా గీయాలో చెప్పేవి తక్కువ.

సరంజామాలో సగం మాత్రం కల్లూరుకు దూరపుదేమీ కాదు. పెన్సిలు ములుకులో ఉండేది గ్రాఫైటు, బంకమట్టి. ఈ రెంటినీ కలిపి కాల్చే పద్ధతికి ఫ్రాన్సులో కాంటే అనే ఆయన 1795లో పేటెంటు హక్కు పొందాడు. మట్టి పెరిగితే గీత గట్టిపడి లేతగా పడుతుంది. గ్రాఫైటు పెరిగితే మెత్తగా, నల్లగా పడుతుంది. పెన్సిలు మీది హెచ్, బి గుర్తుల అర్థం అదే. ఆ గ్రాఫైటు తూర్పు కనుమల ఖోండలైటు రాళ్లలో, భద్రాచలం చుట్టుపక్కల కూడా, పొరలుగా కనిపిస్తుంది. ఇక కాగితం. భద్రాచలం ఎదుటి ఒడ్డున సారపాకలో 1979లో మొదలైన మిల్లుకు ఈ ప్రాంతం రైతులు సుబాబుల్, జామాయిల్ కర్ర పండించి తోలుతున్నారు. అయితే చిత్తరువులకు ఏరుకునేది ఎక్కువగా పత్తితో చేసిన, ఆమ్లం లేని మందపు కాగితం. పత్తి కూడా కల్లూరు చేలల్లో పండేదే.

రంగు పెన్సిలు ములుకును కాల్చరు. రంగుపొడిని మైనంతోనో నూనెతోనో కలిపి గట్టిపరుస్తారు. మైనం ఎక్కువైనవి మెత్తగా పరుచుకుంటాయి, కానీ కొన్నాళ్లకు ముదురు రంగుల మీద తెల్లటి పొగలాంటి పొర తేలుతుంది. మెత్తటి బట్టతో తుడిస్తే పోతుంది. నూనె రకాల్లో ఆ బెడద ఉండదు, మొన కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. సన్నటి వెంట్రుకలకు అవే నయం.

దూరం నుంచి గీసేవారికి అసలు చిక్కు ఫొటో. చేతికందే దూరంలో ఫోన్ పెట్టి తీస్తే జంతువు మూతి ఉబ్బి, చెవులు వెనక్కి పోయి, తల సొరకాయలా సాగుతుంది. ఆ ఫొటోను ఉన్నదున్నట్టు దించితే కొలతలన్నీ సరిపోతాయి, పోలిక మాత్రం రాదు. ఫోన్ పట్టుకున్నవారు మూడు నాలుగు మీటర్లు వెనక్కి జరిగి, జంతువు కంటి ఎత్తుకు వంగి, జూమ్ చేసి తీయాలి. ఫ్లాష్ వద్దు. కుక్క, పిల్లి, గేదెల కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉండటంతో కళ్లు పచ్చగా మెరిసి, అసలు రంగు పోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపమనాలి. పొద్దున్నే కొట్టం అంచున పడే పక్కవెలుగు అన్నిటికన్నా మంచిది. కల్లూరులో ఉదయం ఏడు అంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో. వీడియో కాల్ పెట్టుకుని ‘కొంచెం ఎడమకు తిప్పు తమ్ముడూ’ అనడానికి అనువైన వేళే, గేదె ఒప్పుకుంటే.

రూపం దించడానికి సినిమా హోర్డింగుల చిత్రకారులు వాడిన గళ్ల పద్ధతి చాలు. దాన్ని చిన్నచూపు చూసేవారు ఉన్నారు, అనవసరం. గళ్లు కొలతలు ఇస్తాయి గానీ చర్మం కింది ఎముకను చూపవు. స్టబ్స్ అనే ఆంగ్ల చిత్రకారుడు గుర్రాలను కోసి, కండరం తరవాత కండరం గీసి 1766లో పుస్తకం అచ్చు వేశాడు. అంత దూరం పోనక్కర్లేదు. కంటిగుంత ఎక్కడ మొదలవుతుందో, దవడ ఎక్కడ మలుపు తిరుగుతుందో తడిమి తెలుసుకున్న చేయి ఫొటో దాచిన చోట కూడా తడబడదు. పశువుల మధ్య పెరిగిన ప్రవాసికి ఉన్న మేలు ఇదే.

కళ్లతో మొదలుపెట్టడం ఆనవాయితీ. కుక్క కంటిపాప గుండ్రం, పిల్లిది వెలుగులో నిలువు చీలిక. మేక, గేదె, ఆవుల పాప అడ్డంగా ఉంటుంది. దీన్ని గుండ్రంగా గీసిన ఆవు బొమ్మలు లెక్కలేనన్ని. అవి మనిషి కళ్లతో చూస్తుంటాయి. కంటిలో మెరిసే చుక్కను తెల్ల పెన్సిలుతో పెట్టకూడదు, కాగితాన్నే వదిలేయాలి. మీసాలకూ అంతే. రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో ముందే నొక్కి గీస్తే, పైన పూసిన రంగు ఆ గాడిలోకి దిగక తెల్ల గీతలు మిగులుతాయి.

తరవాత బొచ్చు పోకడ. వెంట్రుక ముక్కు నుంచి నుదుటికి, నుదుటి నుంచి మెడకు ఏ దిక్కున వాలుతుందో లేత పెన్సిలుతో బాణం గుర్తులు వేసుకుని, ప్రతి గీతనూ అటే లాగాలి. పశువుల నుదుటి మీద సుడి ఉంటుంది. సంతలో ఎద్దును కొనే రైతు ముందు చూసేవాటిలో అదొకటి. ఎక్కడుంటే మంచిదో, ఎక్కడుంటే చెడ్డదో లెక్కలు చెబుతాడు. ఆ నమ్మకాల మాట ఎలా ఉన్నా, సుడి సాధారణంగా పశువుకో తీరుగా ఉంటుంది కనుక పోలిక సగం అక్కడే తేలుతుంది.

నల్ల గేదె దగ్గర బొమ్మ నిలుస్తుంది, లేదా పడిపోతుంది. గ్రాఫైటుతో ఎంత నల్లగా నొక్కినా అది మెరిసి బూడిద రంగుగానే కనిపిస్తుంది. లోతైన నలుపుకు బొగ్గు కలిసిన మెరవని పెన్సిలు కావాలి. రంగుల్లో అయితే నల్ల పెన్సిలును చివరిదాకా ముట్టకపోవడం మేలు. ముదురు నీలం, ముదురు గోధుమ, ఊదా ఒకదానిమీద ఒకటి పలచగా పరిస్తే బతికున్న నలుపు వస్తుంది. గేదె వెన్ను ఆకాశాన్ని పట్టి నీలంగా మెరుస్తుంది. ఎండకు ఎండిన డొక్క గోధుమరంగుకు తిరుగుతుంది. పలుచటి వెంట్రుకల మధ్య బూడిద రంగు చర్మం కనిపిస్తుంది. ఒంగోలు ఎద్దుది దీనికి తిరగేసిన చిక్కు. తెలుపంతా కాగితమే, గీసేది నీడల్నే. మగవాటికి మెడ, మూపురం మీద నల్లబూడిద ఛాయ దిగుతుంది, కంటి చుట్టూ నల్ల అంచు ఉంటుంది. ఆ రెండూ సరిగ్గా పడితే మిగతా తెలుపును చూసేవాళ్లే నింపుకుంటారు. కోడిపుంజులకు పందెగాళ్ల పేర్లే రంగుల పట్టిక: కాకి అంటే నల్లది, సేతు అంటే తెల్లది, డేగ అంటే ఎర్రది. ఊరకుక్క పసుపు గోధుమ ఛాయను పుస్తకాల్లో లాబ్రడారుకు చెప్పిన రంగులతోనే వేయవచ్చు, కాస్త ఎరుపు తగిలించి.

రంగు పెన్సిలు గీత పూర్తిగా చెరగదు. లేత నుంచి ముదురుకు, పొర మీద పొరగా వెళ్లాలి. కాగితం గరుకు నిండిపోయిన తరవాత కొత్త రంగు నిలవదు, కాబట్టి గట్టిగా నొక్కే పని ఆఖరున.

చచ్చిపోయిన జంతువుల బొమ్మలు వేరే సంగతి. ట్రాక్టరు రాకముందు ఇంట్లో ఉన్న కాడెద్దులకు పెళ్లి ఫొటోలో ఒక మూల సగం తల మాత్రమే మిగిలి ఉంటుంది. మిగతాది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాబట్టాలి. వాళ్లు రంగు కన్నా ముందు కొమ్ముల వంపు చెబుతారు. చాలాసార్లు అదే చాలు. లేని వివరాన్ని వేరే ఎద్దు ఫొటో నుంచి అతికించడం కన్నా ఆ భాగాన్ని గీతల్లో వదిలేయడమే మర్యాద.

బొమ్మను ఊరికి పంపాలంటే చుట్టకూడదు. మైనపు పొర పగలవచ్చు. పైన నున్నటి గ్లాసైన్ కాగితం పరిచి, రెండు గట్టి అట్టల మధ్య చదునుగా పెట్టి పంపి, అద్దం, ఫ్రేము ఖమ్మంలోనే కట్టించుకోవాలి. అద్దం బొమ్మను తాకకుండా మధ్యలో అట్ట మౌంటు ఉండాలి, లేకపోతే వానాకాలం చెమ్మకు కాగితం అద్దానికి అంటుకుంటుంది. ఎండ తగిలే గోడ వద్దు. రంగు పెన్సిళ్ల మన్నికకు అమెరికాలో ఏఎస్‌టీఎం డి6901 అనే ప్రమాణం ఉంది. అందులో మొదటి రెండు శ్రేణుల్లో నిలిచినవే చిత్తరువుకు పనికొస్తాయి. చాలా పెట్టెల్లో ముందు వెలిసిపోయేవి గులాబీలు, ఊదాలు. గేదె నలుపులో కలిపిన ఊదా పోతే మిగిలేది నీలం, గోధుమ. కాబట్టి ఆ ఒక్క పెన్సిలును పెట్టెలో ఉన్నదని వాడకుండా, శ్రేణి చూసి విడిగా కొనడం మంచిది.