అద్దానికీ ఫోన్‌కీ మధ్య మన పిల్లలు

ఆత్మీయులైన మీకు,

పిల్లలకు సెలవులిచ్చారుగా, నా క్లినిక్‌లో సందడంతా ఇప్పుడే. పళ్ళకు క్లిప్పులు వేయించడానికి మనవాళ్ళు వేసవి కోసమే చూస్తారు కదా!

ఈ మధ్య గమనించిన సంగతొకటి మీతో చెప్పాలనిపించింది. ఇదివరకు తల్లి వచ్చి, "ఎత్తు పళ్ళండీ, కాస్త సరిచేయండి" అనేది. ఇప్పుడు పిల్లే ఫోన్ తీసి, ఫిల్టర్ వేసుకున్న తన ఫొటో చూపిస్తోంది. దవడ సన్నగా, గడ్డం కోసుగా, పెదవులు నిండుగా. సినిమాతార బొమ్మ తెస్తే "ఆవిడ వేరు, నువ్వు వేరమ్మా" అనేయొచ్చు. తన బొమ్మే తెస్తే ఏమంటాం?

"ఫొటో అబద్ధమాడుతుందా?" అంటారేమో. సెల్ఫీ ఆడుతుందండీ. అడుగు దూరం నుంచి తీస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. అయిదడుగుల దూరంలో ఆ తేడా ఉండదు. లేని లోపాన్ని సెల్ఫీ చూపిస్తే, ఫిల్టర్ దాన్ని దిద్దిపెడుతుంది. మధ్యలో నలిగేది పిల్లలు.

ముచ్చటపడటం తప్పని నేననను. మా శాస్త్రంలోనూ అందానికి కొలతలున్నాయి. ముక్కు కొన నుంచి గడ్డం దాకా గీత గీసి, పెదవులు దానికెంత దూరంలో ఉన్నాయో చూస్తాం. 1957లో రికెట్స్ అనే పళ్ళ వైద్యుడు చెప్పిన ఆ గీత అంకెలు తెల్లవారి ముఖాలను బట్టి వచ్చినవి. మన పెదవులు ఆ గీతకు ఇంకాస్త దగ్గరగా ఉంటే అది లోపం కాదు. ఫిల్టర్‌కు ఆ ఇంగితం లేదు, అందరినీ ఒకే మూసలో పోస్తుంది.

ఇక సొంత వైద్యాల సంగతి. నాలుకను అంగిటికి నొక్కిపెడితే దవడ మారుతుందని రీల్స్‌లో చెబుతారు చూడండి, దానికి సరైన రుజువు లేదు. పళ్ళ సందు పూడాలని మామూలు రబ్బరు బ్యాండు తగిలించుకోవడం మాత్రం ప్రమాదమే. అది చిగుళ్ళ లోపలికి జారిపోతే పన్నే ఊడిపోవచ్చు.

మీ అమ్మాయిని క్లిప్పుల కోసం నా దగ్గరకు తీసుకొచ్చేటప్పుడు, మరొకరు దూరం నుంచి తీసిన ఫొటో ఒకటి తెండి. అందులో తను నవ్వుతూ ఉండాలి. పలువరస, పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే తీరు, నవ్వు, ఇవి నేను సరిచేయగలను. క్లిప్పులు తీశాక, పళ్ళను నిలిపి ఉంచే రిటైనర్ పెట్టుకోకపోతే పళ్ళు మళ్ళీ జరుగుతాయనీ తనకు ఇప్పుడే చెప్పి ఉంచండి. ఏమందో నాకు రాయండి.

ఉంటాను,
మీ పళ్ళ డాక్టరు