ఊదుగొట్టం

"ఫెయిల్ మేడం" అన్నాడు కుర్రాడు, కారు సైలెన్సర్లోంచి సన్నటి గొట్టాన్ని బయటికి లాగుతూ. చిల్లకూరు దగ్గర హైవే పక్కన బంకులో ఆగి ఉండే పొల్యూషన్ వ్యాన్ అది. లోపల తెర మీద రెండు అంకెలు కనబడుతున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ 4.6 శాతం, హైడ్రోకార్బన్లు 1180. మా బండి కాలపు పెట్రోలు కార్లకి మొదటిది 3 శాతం దాటకూడదు. రెండోది పదిలక్షల పాళ్ళలో 1500 దాటకూడదు. రెండోదాంట్లో గట్టెక్కాం, మొదటిదాంట్లో తప్పాం.

ఇది 2023 ఫిబ్రవరి నాటి మాట. నిమ్మకాయలకి మంచి ధర పలికిన ఏడాది, 1998లో, నాన్న కొన్న మారుతి 800 అది. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్ళకి ఉంటుంది, ఆ తర్వాత ఐదేళ్ళకొకసారి చేయించుకోవాలి. 2013లో, 2018లో నాన్నే చేయించాడు. 2021లో ఆయన పోయాడు. మూడోసారికి పని నా మీద పడింది. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా ఆ పని జరగదు. అది లేకుండా ఇన్సూరెన్స్ కూడా రెన్యూ చేయకూడదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి లేకపోతే అమ్మని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయే దారి లేదు. బస్సు మెట్లు ఎక్కేసరికే ఆమెకి ఆయాసం ముంచుకొస్తుంది.

నేను దిగాలుగా నిలబడటం చూసి, బంకులో ఉన్నాయన ఒకాయన దగ్గరికొచ్చాడు. "ఇంత దానికి దిగులెందుకు మేడం. మీ నంబరు ప్లేటు ఫోటో తీసుకుని, గొట్టం ఇంకో బండికి పెడతారు. మూడొందలిస్తే అయిపోద్ది" అన్నాడు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే మనసు తేలికపడింది. రేపు నెల్లూరు పోవాలి, ఎల్లుండి వస్తానని చెప్పి ఇంటికొచ్చాను.

ఆ రాత్రి నాన్న కారు ఫైలు తీశాను. ఎంత పద్ధతైన మనిషి! ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితాలు, టైర్లు మార్చిన తేదీలు, ఇంజనాయిలు రసీదులు, పాతికేళ్ళ చరిత్ర ఒక్క ఫైల్లో ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్లు వరసగా గుచ్చి ఉన్నాయి. ఆరు నెలలకొకటి. చూసుకుంటూ పోతే నవ్వొచ్చింది. ఏళ్ళ తరబడి అన్నిటిలోనూ దాదాపు ఒకటే అంకె. ఆ గొట్టాలు ఎన్నిసార్లు మా కారుదాకా వచ్చాయో నాకు అనుమానమే. ఆ పక్కనే అమ్మ ఆసుపత్రి కాగితాల కోసం బీరువా అంతా వెతికాను. రెండేళ్ళనాటి ఒక ప్రిస్క్రిప్షన్ దొరికింది, దగ్గు మందుకి. అంతకు ముందువి ఏవీ లేవు. ఈ ఇంట్లో కారుకి చరిత్ర ఉంది, అమ్మకి లేదు.

మర్నాడు నెల్లూరులో అమ్మకి ఊపిరితిత్తుల పరీక్ష. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి ఒక గొట్టం అందించింది టెక్నీషియన్ అమ్మాయి. "గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదాలమ్మా. ఆపొద్దు. ఊదండి, ఊదండి, ఊదండి..." అమ్మ గొట్టం నోట్లోంచి తీసి నవ్వింది. నవ్వుతోనే దగ్గూ వచ్చింది. "నలభై ఏళ్ళు ఊదినాను కదమ్మా, ఇంకా ఊదమంటా ఉండావే!"

మూడుసార్లు ఊదింది. మందు పీల్పించి, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, మళ్ళీ ఊదించారు. ఈ పరీక్షలో చూసేదేమిటంటే, మనిషి గట్టిగా ఊదితే వచ్చే మొత్తం గాలిలో మొదటి సెకనులోనే ఎంత బయటికొస్తుందని. మందు పీల్చాక కూడా అది 0.70 కంటే తక్కువుంటే గాలిగొట్టాలు శాశ్వతంగా ఇరుకైనట్టు లెక్క. అమ్మది 0.58. అంతకు ముందురోజే తెర మీద అంకెలు చూసి వచ్చిన నాకు, ఈ తెర చూడగానే కడుపులో చల్లబడింది. రెండు రోజుల్లో రెండు గొట్టాలు, రెండు ఫెయిళ్ళు.

డాక్టరమ్మ అడిగింది. "ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాల్చేవారా?" లేదు, నాన్నకి ఆ అలవాటు లేదు. "కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్ళు వండారమ్మా?" అమ్మ ఆ ప్రశ్నని తన పనితనం గురించి అడిగిన ప్రశ్న అనుకుంది. నిటారుగా కూర్చుని గర్వంగా చెప్పింది. "పెళ్ళైన కాణ్ణించీ. పదిమందికి, రెండు పూటలా."

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మేం గ్యాసు కొనలేని వాళ్ళం కాదు. కారొచ్చిన ఏడాదికి మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. అది కాఫీకి, చుట్టాలొచ్చినప్పటికి. అన్నం, కూర, స్నానాల నీళ్ళు మాత్రం దొడ్లో వసారా వంటింట్లో కట్టెల మీదే. తోటలో నరికిన నిమ్మకొమ్మలున్నాయి, సముద్రం వైపు నుంచి సరుగుడు మోపులొస్తాయి, ఊరికే వచ్చే కట్టె ఉండగా గ్యాసెందుకు తగలేయడం అనేవారు. కారుకి పెట్రోలు దండగని మాత్రం ఎవరూ అనలేదు. మరుసటేడు, 1999లో, ప్రభుత్వం దీపం పథకం పెట్టి డ్వాక్రా ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. మా ఇంట్లో అమ్మ 2005 దాకా పొయ్యి ఊదుతూనే ఉంది. కాబట్టి పొగని పేదరికం ఒక్కటే ఆడవాళ్ళ నెత్తిన పెట్టిందని నేను అనలేను. ఏది ఖర్చు, ఏది దండగ అని తేల్చేది ఎవరన్నదే అసలు ప్రశ్న. అది తేల్చేవాళ్ళు ఆ వసారాలోకి అన్నం వడ్డించాక కూడా వచ్చేవాళ్ళు కాదు.

మనం వంటింటి గురించి చాలా రాశాం. విమల 'వంటిల్లు' చదివిన తరం మాది. వంటింటిని జీతం లేని చాకిరీగా, ఆడదాని పేరుని మింగేసే గదిగా చూడటం అప్పుడే నేర్చుకున్నాం. ఆ గదిని గాలిగా చూడటం మాత్రం నాకు తట్టలేదు. అమ్మ చేతుల మీది కాలిన మచ్చల గురించి కథ రాశాను గానీ ఆమె ఊపిరి గురించి అడగలేదు. కిర్క్ స్మిత్ అనే పరిశోధకుడు 1980ల మొదట్లోనే గుజరాత్ పల్లెల్లో, వంట చేస్తున్న ఆడవాళ్ళ ఒంటికి పరికరాలు తగిలించి వాళ్ళు పీల్చే గాలిని కొలిచాడు. 1983లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంతవరకూ గాలి కాలుష్యమంటే నగరం, ఫ్యాక్టరీ, మోటారు బండి. ఇంటి పొగవల్ల 2020 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మోటారు బండికి రూలుంది, అంకె ఉంది, జరిమానా ఉంది. మా వసారాకి ఏ వ్యానూ రాలేదు.

నెల్లూరు నుంచి తిరిగొస్తుంటే ఆ మూడొందల బేరం మీద నాకు అసహ్యం పుట్టింది. నీతి వల్ల కాదు. ఇంకో మనిషి ఊదితే అమ్మ పాసైనట్టు కాగితం తెచ్చుకుంటామా అనిపించింది. కారు సరాసరి గూడూరు తోలుకుపోయాను.

గూడూరులో పాత మారుతీలు బాగుచేసే షెడ్డు ఒకటుంది. బానెట్ ఎత్తి, ఇంజను శబ్దం కాసేపు విని మెకానిక్ అన్నాడు. "అక్కా, ఇది గాలి తక్కువ పీలుస్తా ఉండాది, పెట్రోలు ఎక్కువ తాగతా ఉండాది."

అప్పటిదాకా నాకు కార్బురేటర్ అంటే ఒక మాట మాత్రమే. ఆ రెండు రోజులూ స్టూలేసుకుని కూర్చుని అన్నీ అడిగాను. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే, తూకంలో దాదాపు పదిహేను పాళ్ళ గాలి కావాలి. గాలి చాలకపోతే సగం కాలిన బొగ్గు మిగిలిపోతుంది. అదే కార్బన్ మోనాక్సైడ్. కొత్త కార్లలో దాన్ని సైలెన్సర్ దారిలోనే శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. 1995లో దాన్ని నాలుగు మహానగరాల్లో అమ్మే కార్లకే తప్పనిసరి చేశారు, మా కారుకి లేదు. కాబట్టి బండి ఊపిరే బాగుండాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే తెల్లటి దుమ్ము రాలింది. మా మండలంలో సిలికా ఇసుక గనులున్నాయి, ఆ లారీల వెనక తిరిగే బండి ఇంకెలా ఉంటుంది? చోక్ కేబులు సగంలో పట్టేసి ఉంది. స్పార్క్ ప్లగ్గులు మసిబట్టి కాటుకలా ఉన్నాయి. కార్బురేటర్లో పెట్రోలుని ఆపే సూది అరిగిపోయింది.

"ఇంత పని ఎందుకక్కా, టెస్టు వరకూ స్క్రూ బిగించిస్తా. పాసయినాక వొదులు చేసుకుందాం. అందరూ అట్నే చేస్తారు" అన్నాడు. ఆ పరీక్ష బండి నిలబడి ఉన్నప్పుడే చేస్తారు, రోడ్డు మీద అది ఏం వదులుతుందో కొలిచేవాళ్ళు లేరు. అతను చెప్పింది నిజమే. వద్దు, అన్నీ మార్చమన్నాను. 2,850 రూపాయలైంది.

మసిబట్టిన ప్లగ్గు చేతిలో పెట్టుకుని చూస్తుంటే, మా వసారాలో గోడకి ఆనించి ఉండే ఇనప ఊదుగొట్టం గుర్తొచ్చింది. తడి కట్టెకి గాలి అందక పొగ లేస్తే, అమ్మ వంగి ఆ గొట్టంతో ఊదేది. మంట లేచేది. తిరిగి ఊపిరి పీల్చుకునేటప్పుడు లోపలికి పోయేది ఆ పొగే. అంటే ఆ పొయ్యికి చాలని గాలిని నలభై ఏళ్ళు అమ్మ తన గుండెల్లోంచి తీసి ఇచ్చింది. మా అందరి అన్నమూ ఆ ఊపిరి మీద ఉడికింది. నాన్న ఫైల్లో ఫిల్టర్ మార్చిన తేదీలున్నాయి. ఆమె దేన్ని మార్చుకుంటుంది?

బండి సిద్ధమైంది గానీ ఇంకో చిక్కు. ఆర్సీ ఇంకా నాన్న పేరు మీదే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి బండి యజమాని మొబైల్ నంబరు ఉండాలని 2021లో రూలొచ్చింది. నాన్న నంబరు ఎప్పుడో రద్దయింది. యజమాని చనిపోతే వారసులు ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. మేం రెండేళ్ళు తలుచుకోలేదు. బెంగుళూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. "తుక్కుకి ఇచ్చెయ్ అక్కా, కొత్తది కొందాం. లేదా నువ్వే నడుపుతున్నావుగా, నీ పేరు మీద పెట్టుకో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయినవాడి సొంత ఆస్తిలో భార్యకీ కొడుక్కీ కూతురికీ సమాన వాటాలు. మారుతిలో మూడోవంతు అంటే ఏ సీటు వస్తుందో గానీ, అమ్మ ఎప్పుడూ కూర్చున్నది మాత్రం వెనక సీట్లో, ఎడమ పక్కన. ముందు సీటు నాన్నకీ తమ్ముడికీ. నేను నలభై ఆరో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాకే ఆమె ముందుకొచ్చింది.

కారుని అమ్మ పేరు మీద పెట్టాను. తమ్ముడూ నేనూ మా అభ్యంతరం లేదని అఫిడవిట్లు ఇచ్చాం. "నాకెందుకు పాపా, నేను తోలేదా?" అంది. సంతకం పెట్టేటప్పుడు మాత్రం కళ్ళజోడు తెప్పించుకుని, తన పేరు ఇంటిపేరుతో సహా సరిగా పడిందో లేదో రెండుసార్లు చూసుకుంది. ఆమెకి ఒక ఫోను కొని ఆ నంబరు ఇచ్చాం.

రెండో పరీక్షకి అమ్మా వచ్చింది. ఇంజను వేడెక్కి ఉండాలని గూడూరు దాకా పోయి తిరిగొచ్చాం. కుర్రాడు గొట్టం పెట్టాడు. అమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఊదతా ఉండాదా?" అని అడిగింది. 1.8 శాతం. హైడ్రోకార్బన్లు 620. పాస్. రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళకి వచ్చింది. 2022 ఏప్రిల్ దాకా ఆరొందలుండే ఫీజు ఐదు వేలయింది. 2025లో ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకి దాన్ని పదివేలు చేశారు. 2028లో మళ్ళీ ఆలోచించుకోవాలి.

2025 ఆగస్టులో అమ్మని వాళ్ళ పుట్టింటి వైపు తీసుకుపోయాను, సముద్రం దిక్కుగా. తమ్మినపట్నం దగ్గర థర్మల్ కేంద్రాల చిమ్నీలు చూసి అడిగింది. "వాటికి ఎన్నాళ్ళకొకసారి చేయిస్తారు?" వాటికీ కొలతలుంటాయమ్మా అన్నాను. తర్వాత మిగతాది కూడా చెప్పాను. 2015 డిసెంబర్లో దేశంలోని థర్మల్ కేంద్రాలన్నిటికీ పర్యావరణ శాఖ కొత్త హద్దులు పెట్టింది. సల్ఫర్ డయాక్సైడ్‌ని అందుకోవడానికి మొదటి గడువు రెండేళ్ళు. గడువు మీద గడువు ఇచ్చుకుంటూ వచ్చి, 2025 జూలైలో చాలావాటికి ఆ సల్ఫర్ హద్దు వర్తించదని తేల్చింది. మా కారుకి ఆరు నెలలు దాటి ఒక్క రోజైతే పదివేల దాకా జరిమానా వేయొచ్చు.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. కిటికీ హ్యాండిల్ తిప్పి అద్దం పైకి లేపింది. "పెద్దింటి పొయ్యి" అంది.

ఆరు నెలలకొకసారి ఆమె ఫోనుకి మెసేజి వస్తుంది, బండి పొల్యూషన్ గడువు అయిపోతోందని. నాకు చదివి వినిపించమంటుంది. ఆ రోజే నెల్లూరులో ఆమె పరీక్షకి కూడా తేదీ తీసుకుంటాను. ఒకే ప్రయాణంలో రెండు పనులూ అవుతాయి. ఇప్పుడు ఆమెకీ ఒక ఫైలుంది, నాన్న ఫైలు పక్కనే పెట్టాను. మొన్నటి పరీక్షలో ఆమె అంకె పోయినసారిదే. పెరగలేదు, తగ్గలేదు. ఈ జబ్బులో అదే మంచి కబురని డాక్టరమ్మ చెప్పింది.