సరదా పద్దు

మధ్యతరగతి ఇంట్లోకి ఏ వస్తువూ సరదా కోసం రాదు. ఫ్రిజ్జు చంటిపిల్ల పాల కోసం వస్తుంది. ఏసీ మామగారి ఆయాసం కోసం. కంప్యూటరు పిల్లల చదువు కోసం. వచ్చాక ఆ కంప్యూటర్లో ఎవరేం చూశారో, ఆ ఏసీ కింద మధ్యాహ్నం పూట ఎవరు గుర్రు పెట్టారో అందరికీ తెలుసు, కానీ ఆ సంగతి ఎవరూ ఎత్తరు. అవసరం అన్న ఒక్క మాట పడితే చాలు, బీరువా తలుపు తెరుచుకుంటుంది. యాభై దాటాక స్కూటరు కొనుక్కోవాలని బుద్ధి పుట్టినప్పుడు నేనూ ఆ ఆనవాయితీ తప్పలేదు. ఆఫీసుని ముందు పెట్టాను.

మర్రిపాలెం నుంచి సిరిపురం దాకా రోజూ వెళ్ళిరావాలి, షేర్ ఆటోలో సగం సీటు మీద వేలాడలేక నడుం పట్టేస్తోంది అని ఒక సాయంత్రం మొదలుపెట్టాను. మా ఆయన పేపరు దించకుండానే, "ఆడవాళ్ళకి బస్సు ఫ్రీయే కదా ఇప్పుడు" అన్నారు.

అదీ నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది. సిటీ ఆర్డినరీ అయినా మెట్రో ఎక్స్‌ప్రెస్ అయినా ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు చేతిలో పెడతాడు. మంచి పథకమే, కాదనను. మా సెక్షన్లో స్వీపరమ్మకి నెలకి మిగిలే డబ్బు ఆవిడ గ్యాసు బండకి సరిపోతోంది. కానీ స్కూటరు కొనాలని చూసే ఆడదాని వాదనకి ఇంత పెద్ద దెబ్బ మరే ప్రభుత్వమూ కొట్టి ఉండదు.

లెక్కలు రాయడం నా ఉద్యోగం. పరాయి డబ్బుకి రాసినంత శ్రద్ధగా నా డబ్బుకీ రాద్దామని ఒక తెల్లకాగితం తీసుకున్నాను. ఎడంపక్క బండి, కుడిపక్క బస్సు. 110 సీసీ బండి షోరూం ధర ఒకటి, రోడ్డెక్కేసరికి అయ్యే ధర ఒకటి. మధ్యలో లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు చేరతాయి. కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అయిదేళ్ళదీ ఒకేసారి కట్టాలన్న నిబంధన 2018 సెప్టెంబరు నుంచీ ఉంది. జీఎస్టీ మాత్రం 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18కి దిగింది, అందుకు సంతోషం. ఎటు తిప్పినా లక్షకి అటూ ఇటూ తేలింది. పెట్రోలు సంగతి చూస్తే రానూపోనూ రోజుకి 16 కిలోమీటర్లు, నెలకి 400. లీటరుకి 45 ఇచ్చినా తొమ్మిది లీటర్లు కావాలి, అంటే దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు. ఇంజనాయిలు, సర్వీసింగు, ఎప్పుడో ఒకప్పుడు టైర్లు, బెల్టు. విశాఖ ఉప్పుగాలికి తుప్పు పట్టే సైలెన్సరు ఉండనే ఉంది.

కుడిపక్క సున్నా.

సున్నాతో పోటీపడి నెగ్గే బండి ఇంతవరకూ ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాలేదు. సమయం కలిసొస్తుంది కదా అని ఇంకో గీత గీశాను. బస్సు కోసం నిలబడడం, ఫ్రీ అయ్యాక పెరిగిన జనంలో తోసుకోవడం, స్టాపులో దిగి ఇంటిదాకా నడవడం అన్నీ కలిపితే స్కూటరు మీద రోజుకి గంట దాకా మిగులుతుంది. ఆ గంటలో ఏం చేస్తాను? సోఫాలో కూర్చుని ఫోను చూస్తాను. పైగా ఆ స్టాపు నుంచి ఇంటికి నడిచే దూరమే నాకున్న ఏకైక వ్యాయామం. ఆఫీసు పద్దు కింద బండి నిలబడలేదు. కాగితం మడిచి పుస్తకంలో పెట్టాను, కోరిక మాత్రం మడతలో ఇమడలేదు.

ఎందుకు ఇమడదో కొంతవరకు తెలుసు. మా నాన్న షిప్‌యార్డులో పనిచేసేవారు. ఆ రోజుల్లో స్కూటరంటే డబ్బుంటే కొనుక్కునే వస్తువు కాదు, బుక్ చేసి వరసలో నిలబడే వస్తువు. ఏటా ఎన్ని తయారుచేయాలో సర్కారు లైసెన్సే నిర్ణయించేది. 1972లో చేతక్ వచ్చాక బజాజ్ స్కూటరుకి పదేళ్ళ దాకా ఎదురుచూసినవాళ్ళున్నారు. వంతు రాగానే వచ్చిన బండిని వచ్చినట్టే పైధరకి అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. మన హైదరాబాదు ఆల్విన్ పేరుతో పుష్పక్ అని ఒక స్కూటరు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నాన్నకి బండి వచ్చేనాటికి నేను బళ్ళో ఉన్నాను. పొద్దున్నే దాన్ని ఎడంపక్కకి బాగా వంచి, కాసేపలా పట్టుకుని, నిలబెట్టి కిక్కు కొట్టేవారు. కొట్టడానికి ముందు ఒకసారి అమ్మవైపు చూసేవారు. బండి అందుకోకపోతే చూపులో కోపం, అందుకుంటే గర్వం. పెట్రోల్లో ఆయిలు కలపాలి, ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దాలి, గేరు ఎడమచేతి పిడి తిప్పి వేయాలి. వెనక వదిలే నీలం పొగతో సహా ఇంటిల్లిపాదీ దాన్ని ప్రేమించాం. నేను ముందు నిలబడేదాన్ని, హ్యాండిలు మధ్యనుంచి రోడ్డు చూస్తూ. ఎత్తు పెరిగి నాన్నకి దారి కనబడకుండా అడ్డం వచ్చాక వెనక్కి పంపించారు. అప్పట్నుంచీ వెనకే ఉన్నాను.

వెనక ఉండడానికి కూడా డబ్బిచ్చే ఉన్నాం. మా తరంలో స్కూటరు కట్నాల్లో ఒక భాగం. పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసులు ఖాళీ అయ్యాక, "అబ్బాయికి బండి కూడా..." అని ఎవరో ఒక పెద్దాయన గొంతు సవరించుకునేవాడు. మా ఇంట్లోనూ సవరించుకున్నారు. ఆంధ్రదేశంలో ఆడపిల్లల తండ్రులు కొన్న స్కూటర్లన్నీ ఒకచోట పేర్చితే బీచ్ రోడ్డు చాలదు. బిల్లు మామగారిది, తాళం అల్లుడిది, ఒక పక్కకి తిరిగి కూర్చునే చోటు అమ్మాయిది. చట్టానికి కూడా మా స్థానం బాగా తెలుసు. మోటారు వాహనాల నిబంధనల్లో వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకునే పిడి, కాళ్ళు పెట్టుకునే చోటు, బట్టలు చక్రంలో పడకుండా కవచం తప్పనిసరి. ఆ కవచాన్నే మనం చీర గార్డు అంటాం. నడిపే మనిషి చీర గురించి ఏ నిబంధనలోనూ లేదు.

తమాషా ఏమిటంటే ఈ వాహనం పుట్టుకలోనే ఆడవాళ్ళకి అనువుగా పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఇటలీలో 1946లో వెస్పాని గీసిన కొర్రాదినో దస్కానియో విమానాల ఇంజనీరు. ఆయనకి మోటారుసైకిళ్ళంటే గిట్టదు, బట్టలు మురికవుతాయని, టైరు మార్చడం నరకమని. అందుకే చైనే లేకుండా చేశాడు, ముందు రేకు కవచం పెట్టాడు, కాళ్ళ దగ్గర ఖాళీ వదిలాడు. గౌను వేసుకున్నవాళ్ళు కాలెత్తకుండా ఎక్కగలిగే ఆ ఖాళీ చీరకట్టుకి ఇంకా బాగా పనికొచ్చింది. కానీ మనదగ్గర చాలాకాలం ఆ ఖాళీలో గ్యాసు బండలూ బియ్యం బస్తాలూ ప్రయాణం చేశాయి. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది, బటన్ నొక్కితే స్టార్టయ్యేది, గేర్ల గొడవ లేదు. తర్వాత స్కూటీ, 2001లో యాక్టివా. నాకన్నా చిన్నవాళ్ళు కాలేజీలకి, కోచింగులకి, ఆస్పత్రి డ్యూటీలకి వాటిమీద వెళ్ళిపోయారు. మా అమ్మాయి ఇంటర్లో నేర్చుకుంది. నన్ను ఎక్కించుకుని సింహాచలం కూడా తీసుకెళ్ళింది, వెనకే.

షోరూంకి ఒక్కదాన్నే వెళ్ళాను. చొక్కా జేబుకి బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడు మర్యాదగా నా వెనక్కి చూసి, "సార్ పార్కింగ్‌లో ఉన్నారా మేడమ్?" అన్నాడు. సార్ లేరని, బండి నాకేనని చెప్పాక ఒక్కసారిగా రంగుల గురించి మాట్లాడడం మొదలెట్టాడు. అప్పటిదాకా పక్కన మగాయనకి చెబుతున్న మైలేజీ, పికప్పు ఏమయ్యాయో తెలీదు. నేనే అడగాల్సొచ్చింది. అడిగితే బాగానే చెప్పాడు, పాపం. యాక్సిలరేటరు తిప్పేకొద్దీ ఇంజను వేగం పెరిగి, లోపల చిన్న చిన్న రోలర్లు బయటివైపు జరిగి, పుల్లీ రెండు పళ్ళేల్నీ దగ్గరికి నొక్కుతాయట. వాటి మధ్య బెల్టు పైకెక్కుతుంది, గేరు మారినట్టే. నాన్న ఎడమచేత్తో చేసిన పనంతా ఆ రోలర్లే చేసిపెడతాయి. ఇప్పుడు ఎడమచేతికి బ్రేకొక్కటే పని. అది నొక్కితే ముందూ వెనకా రెండు చక్రాలూ పట్టుకుంటాయి.

తర్వాత సెంటర్ స్టాండు వేసి చూపించమన్నాను. నా భయమంతా అక్కడుంది. నూట అయిదు కిలోలకి తక్కువ లేని ఇనుమును నేను ఎత్తగలనా? కుర్రాడు ఎత్తలేదు. స్టాండు కాడ మీద పాదం పెట్టి, స్టాండు రెండు కాళ్ళూ నేలకి ఆనాయో లేదో చూసుకుని, ఒంటి బరువంతా ఆ పాదం మీదికి దించాడు. బండి దానంతటదే వెనక్కి జరిగి ఎక్కి కూర్చుంది. చేత్తో లాగితే నడుం పోతుంది మేడమ్, తొక్కితే చాలు అన్నాడు. నేనూ తొక్కాను. ఎక్కింది. నా బరువు ఒక పనికొచ్చిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

ఎలక్ట్రిక్ బండి సంగతీ అడిగాను. మాది మూడో అంతస్తు, కింద సెల్లారులో ప్లగ్గు పాయింటు కావాలంటే అసోసియేషన్ మీటింగు పెట్టాలి. అక్కడ నీళ్ళ మోటారు గొడవే రెండేళ్ళుగా తేలలేదు. దాన్ని అంతటితో వదిలేశాను.

వదిలేయలేనిది ఇంకోటుంది. మా అమ్మకి ఫోన్లో చెబితే, ఆవిడ ఖరీదు అడగలేదు. "ఈ వయసులో ఎముక విరిగితే అతకదే" అంది. ఆవిడ భయానికి లెక్కల బలం కూడా ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు లక్షా 68 వేల పైచిలుకు, అందులో 44 శాతం రెండుచక్రాల మీద వెళ్ళినవాళ్ళే. స్కూటరు చక్రం చిన్నది, మోటారుసైకిలు దాటేసిన గుంటలో ఇది దిగబడుతుంది. లారీల పక్కన, తాటిచెట్లపాలెం మలుపులో బస్సులకి ఆటోలకి మధ్యన, పొద్దున్న తొమ్మిదిన్నరకి నన్ను నేను ఊహించుకుంటే నాకే చెమట పట్టింది. ఇక్కడ కూడా ఆఫీసు పద్దే ఓడిపోయింది. రద్దీ వేళ, రోజూ, ఆలస్యమైపోతోందన్న తొందరలో నడపడమంత చెడ్డ స్వారీ మరొకటి లేదు.

మరి మంచి స్వారీ ఏది? ఆదివారం పొద్దున్న ఆరింటికి భీమిలి రోడ్డు. కురుసుర సబ్‌మెరీన్ దగ్గర మొదలుపెట్టి, కైలాసగిరి కొండ అంచున తిరిగి, రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట మీదుగా ముప్పై కిలోమీటర్లకి కాస్త తక్కువ. కుడిచేతి పక్కన సముద్రం, మధ్యలో సరుగుడు తోపులు, ఎడంపక్క కొండలు, ఇంకాస్త ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు. అక్కడక్కడా గాలికి కొట్టుకొచ్చిన ఇసుక రోడ్డు మీద పరుచుకుని ఉంటుంది. దానిమీద బ్రేకు కొట్టకూడదని మా అమ్మాయి ఎప్పుడో చెప్పింది. పోయిరావడానికి పెట్రోలు నూట యాభై రూపాయలు, సినిమాహాల్లో ఒక పాప్‌కార్న్ డబ్బాకి కూడా రాదు. ఆ రోడ్డు మీద 900కె బస్సుంది, అదీ నాకు ఉచితమే. కానీ మంగమారిపేటలో పడవలొచ్చే వేళకి కాసేపు ఆగుదామంటే ఆగదు. తొట్లకొండ మలుపు దగ్గర, ఊరికే, ఏ కారణమూ లేకుండా ఎడమకి తిప్పమంటే తిప్పదు.

పుస్తకంలోంచి కాగితం తీసి ఆఫీసు అన్నచోట అడ్డంగా కొట్టేసి, సరదా అని రాశాను. కింద లక్ష. ముప్పై ఏళ్ళుగా సంపాదిస్తున్న మనిషి పేరు మీద ఆ పద్దులో అప్పటికి ఇంకే అంకే లేదు, అందుకు నాకే ఆశ్చర్యం వేసింది. వాయిదాలొద్దు, పీఎఫ్ ముట్టుకోనక్కర్లేదు, పోయినేడు మెచ్యూర్ అయిన డిపాజిట్ చాలు. ఫుల్‌ఫేస్ హెల్మెట్టు, ఐఎస్ఐ మార్కుది, అదనం. దాన్ని మాత్రం అవసరం కిందే రాశాను.

కాగితం మా ఆయనకి చూపించాను. ఈసారి పేపరు దించారు.

"మరి ఆఫీసుకి?"

"బస్సులోనే."

"ఆఫీసుకి వెళ్ళని బండెందుకు?"

"భీమిలికి."

కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. పెళ్ళినాటి స్కూటరు గుర్తొచ్చిందేమో, నేను మాత్రం ఎత్తలేదు. "నేనూ రావచ్చా?" అన్నారు చివరికి.

"వెనక కూర్చుంటే రావచ్చు. లేదంటే బస్సుంది, మీకు టిక్కెట్టు పడుతుంది."

మర్నాడే ఎల్‌ఎల్‌ఆర్‌కి దరఖాస్తు పెట్టాను. గేర్లు లేని బండికి విడిగా లైసెన్సు ఇస్తారు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన నెల తర్వాత ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పి చూపించాలి. ప్రాక్టీసుకి పక్క ఫ్లాటు అమ్మాయి తన బండి ఇస్తానంది. ఖాళీ మైదానంలోనే, పొద్దున్న ఏడు దాటకుండా, తను పక్కనుండగానే అని షరతులు పెట్టింది. "పెట్రోలు మీదే, అద్దం విరిగితే అదీ మీదే ఆంటీ" అని కూడా అంది.