తిరుగుదారి

సూరతు చెంత కడోదరాలో మరమగ్గాలపై పనిచేయు తెలుగువాడొకడు పాత బుల్లెట్టును తన యిచ్చవచ్చినట్లు మార్పించి, చట్రమంతటికిని నిగనిగలాడు రంగు పూయించెను. నాటినుండి హారను నొక్కినంతనే ముందుదీపము మసకబారును. రాత్రిపని ముగించి లారీల నడుమ 48వ జాతీయరహదారిపై పోవువానికి ఇది ప్రాణాపాయము. క్రొత్త బ్యాటరీ కొన్నను గుణము లేదు. వస్తువు మార్చుట వేరు, దోష మెరుగుట వేరు.

మేస్త్రీ దీపము వెలిగించి మీటరు పట్టెను. బ్యాటరీ కడ 12.4 వోల్టులు, దీపము కడ 9.4. బ్యాటరీ ఋణధ్రువమునకును చట్రమునకును నడుమ, దాదాపు సున్న ఉండవలసినచోట, 3! విద్యుత్తు తీగవెంట పోయి చట్రపు ఇనుమువెంట తిరిగివచ్చును; ఆ తిరుగుదారికి రంగే అడ్డము. “గోకవలెను, భాయీ” అనుచు గరుకుకాగితము తీసెను.

ఎర్తుతీగ బోల్టు క్రింద గోరంత ఇనుము బయటపడినది. బిగించి చూడగా 0.1. హారను మ్రోగినను దీపము చలింపలేదు. యజమాని మాత్రము రంగు పోయిన ఆ చోటునే చూచుచుండెను.